సేన లేని సేనాపతి

రోదసీ నౌకను నడిపే కంప్యూటరు ఆటలు మీలో చాలామంది చూసే ఉంటారు. తెర నిండా నల్లని ఆకాశం, దూరాన ఒక గ్రహం, మధ్యలో గురి గుర్తు. ఒక మీట నొక్కితే నౌక వేగం అందుకుంటుంది. ఇంకొకటి నొక్కితే లేజర్ పేలుతుంది. నౌక నడపటం ఎట్లా ఉంటుందో అనుభవంలోకి తెచ్చే ప్రయత్నం కాబట్టి వీటిని రోదసీ అనుకరణ ఆటలు అంటారు. వీటిలో చాలా ఆటలు ఆడేవాడికి ఏదో ఒక సైనిక హోదా కట్టబెడతాయి. మొదట కాడెట్. కొన్ని శత్రునౌకలు కూల్చితే లెఫ్టినెంట్. ఇంకా కూల్చితే కెప్టెన్, కమాండర్, చివరకు జనరలో అడ్మిరలో.

"మాస్టారూ, నేను అడ్మిరల్‌నయ్యాను" అని మా బడిలో పదో తరగతి కుర్రవాడు ఒకరోజు నాతో చెప్పాడు.

"మంచిది. నీ చేతికింద ఎందరున్నారు?" అన్నాను.

వాడు కాసేపు నెత్తి గోక్కుని, "ఎవరూ లేరండీ, నేనొక్కణ్ణే" అన్నాడు.

ఇందులో వాడి తప్పేమీ లేదు. ఆట అట్లా ఉంది. కాని ఆ జవాబు గురించి కొంచెం ఆలోచించాలి. చేతికింద ఎవరూ లేని అడ్మిరల్ అంటే ఊరు లేని కరణం, బడి లేని పంతులు లాంటివాడే కదా!

సైనిక హోదా అంటే ఛాతీ మీద తగిలించుకునే బిళ్ళ మాత్రమే కాదు. ఎవరి మాట ఎవరు వినాలి, ఎవరు చేసిన పనికి ఎవరు జవాబు చెప్పుకోవాలి అనే ఏర్పాటు అది. అంటే కనీసం ఇద్దరు మనుషుల మధ్య ఉండే సంబంధం. 'అన్న' అనే మాట వంటిదే. తమ్ముడో చెల్లెలో లేకుండా ఎవరూ అన్న కాలేరు. రోదసీ ఆటలు ఈ సంబంధాన్ని తీసివేసి దాని పేరును మాత్రం ఉంచుకున్నాయి. ఇది ఎట్లా జరిగిందో కొన్ని నిజమైన ఆటలనే తీసుకుని చూద్దాం.

ఎనిమిది గడుల పెట్టె

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న ఇయాన్ బెల్, డేవిడ్ బ్రేబెన్ అనే ఇద్దరు విద్యార్థులు తయారుచేసిన 'ఎలైట్' అనే ఆట 1984లో వెలువడింది. మన రాకేశ్ శర్మ రోదసికి వెళ్ళివచ్చిన సంవత్సరమే అది. ఆ ఆటను మొదట ఆడించిన బి.బి.సి. మైక్రో కంప్యూటరు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఈనాడు ఫోనుతో తీసే ఒక్క ఫోటోకు అంతకంటె ఎన్నో రెట్ల చోటు కావాలి. అంత ఇరుకులోనే వాళ్ళు 8 నక్షత్రవీధులను, ఒక్కొక్క దానిలో 256 చొప్పున మొత్తం 2,048 గ్రహాలను ఇమిడ్చారు.

ఆట మొదలుపెట్టగానే మీకు ఒక చిన్న నౌక, 100 క్రెడిట్ల డబ్బు, 'కమాండర్ జేమ్సన్' అనే పేరు దొరుకుతాయి. ఇంకా ఏమీ చేయకముందే కమాండర్! అయితే ఆ పక్కనే మీ యోగ్యత గురించి ఇంకొక మాట ఉంటుంది: 'హాని లేనివాడు'. 8 నౌకలు కూల్చితే 'దాదాపు హాని లేనివాడు' అవుతారు. 16కు 'నాసి', 32కు 'సగటు', 64కు 'సగటుకు మించినవాడు', 128కి 'సమర్థుడు'. ఆ తరువాత మెట్లు దూరమవుతాయి. 512కు 'ప్రమాదకరుడు', 2,560కి 'ప్రాణాంతకుడు', 6,400కు 'ఎలైట్', అంటే ఏరిన మేటి.

ఈ అంకెలే ఎందుకు? ఏ సేనానాయకుణ్ణో అడిగి పెట్టినవి కావు. కంప్యూటరు లోపలికి తొంగిచూస్తే కారణం తెలుస్తుంది. ఆ యంత్రం ఒక్కొక్క సంఖ్యను 8 గడుల పెట్టెలో దాచుకుంటుంది. ఒక్కొక్క గడిలో 0 గాని 1 గాని ఉంటుంది. ఈ పెట్టెనే బైట్ అంటారు. దానిలో పట్టే సంఖ్యలు 0 నుంచి 255 వరకే. 256 రాగానే పెట్టె ఖాళీ అయిపోయి, పక్కనున్న రెండో పెట్టెలోకి 1 చేరుతుంది. మనం 9 తరువాత 0 వేసి పదుల స్థానంలో 1 వేసినట్లే. కూల్చిన నౌకల లెక్క కోసం 'ఎలైట్' ఇట్లాంటి రెండు పెట్టెలు వాడింది.

ఇప్పుడు మెట్లను మళ్ళీ చూడండి. 8, 16, 32, 64, 128 అన్నీ 2 యొక్క ఘాతాలు. మొదటి పెట్టెలో 1 అనే అంకె ఏ గడి దాకా జరిగిందో చూస్తే చాలు, మెట్టు తెలిసిపోతుంది. మరి పై మూడు మెట్లు? 512 అంటే 2 సార్లు 256. 2,560 అంటే 10 సార్లు. 6,400 అంటే 25 సార్లు. అంటే రెండో పెట్టెలో 2 ఉందా, 10 ఉందా, 25 ఉందా అని చూస్తే సరి, మొదటి పెట్టెతో పనే లేదు. రెండో పెట్టెలోకి 1 చేరిన ప్రతిసారీ, అంటే ప్రతి 256 నౌకలకు ఒకసారి, 'భేష్, కమాండర్!' అనే అర్థం వచ్చే మాట తెర మీద వెలుగుతుంది. అదీ పెట్టె నిండి పొర్లటమే.

ఆ పరాక్రమపు మెట్లు అంత చక్కగా ఉన్నాయంటే, యంత్రంలో చోటు పొదుపు చేసినందువల్లనే. వాళ్ళ తెలివిని నేను మెచ్చుకోకుండా ఉండలేను. అయితే ఆ కొలత దేన్ని కొలుస్తున్నదో కూడా చూడాలి. నిమిషానికొక నౌక చొప్పున కూల్చినా 6,400 నౌకలకు 106 గంటల 40 నిమిషాలు పడుతుంది. లెక్క పెరగటమే గాని తరగటం లేదు. అమాయకంగా ఆడేవాడైనా ఓపిక ఉంటే ఎప్పటికో ఒకప్పటికి మేటి అవుతాడు. నైపుణ్యాన్ని కొలుస్తున్నానంటూ ఆ లెక్క ఓపికనే ఎక్కువగా కొలిచింది.

ఒక్క విషయంలో మాత్రం 'ఎలైట్' నిజాయితీగానే ఉంది. ఆ తొమ్మిది మెట్లలో ఒక్కటీ సైనిక పదవి కాదు. నీవెంత ప్రమాదకరమో చెబుతుందే గాని నీ మాట ఎవరో వింటారని చెప్పదు.

లెఫ్టినెంటు ముందు, మేజరు వెనుక

1990లో అమెరికాలో ఆరిజిన్ సిస్టమ్స్ అనే సంస్థ 'వింగ్ కమాండర్' అనే ఆటను విడుదల చేసింది. దాని రూపశిల్పి క్రిస్ రాబర్ట్స్. పిల్లి ముఖాల కిల్రాతీ జాతితో మానవుల యుద్ధం ఇందులో కథ. ఆడేవాడు 'టైగర్స్ క్లా' అనే పెద్ద నౌక మీద సెకండ్ లెఫ్టినెంటుగా చేరతాడు. బాగా పోరాడితే ఫస్ట్ లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, లెఫ్టినెంట్ కల్నల్ అవుతాడు. పదోన్నతి ఇచ్చేటప్పుడు సభ కూడా జరుగుతుంది. ముచ్చటగానే ఉంటుంది.

కాని ఆకాశంలోకి వెళ్ళిన తరువాత ఒక వింత. జంటగా ఎగిరేటప్పుడు ముందుండి ఆదేశాలిచ్చేది ఎప్పుడూ ఆడేవాడే. 'పాలడిన్' అనే ముద్దుపేరు గల మేజరు కూడా, ఎంతో అనుభవజ్ఞుడై ఉండి, వెనుక తోడుగా వస్తాడు. లెఫ్టినెంటు చెప్పినట్లు మేజరు చేస్తాడన్నమాట.

దీన్ని వెంటనే తప్పు అనకండి. నిజమైన వైమానిక దళాల్లోనూ జంటకు ముందుండి నడిపేవాడిని ఆ పనిలో పొందిన శిక్షణను బట్టి నిర్ణయిస్తారు. భుజం మీది గీతలు పెద్దవైనవాడు వెనుక ఎగరటం ఉంది. అంటే హోదా వేరు, ఆ పూటకు అప్పగించిన బాధ్యత వేరు. ఆటలో లోపం ఎక్కడంటే, మీరు లెఫ్టినెంట్ కల్నల్ అయినా చేసే పని మారదు. మొదటిరోజు ఏ మీటలు నొక్కారో చివరిరోజూ అవే. పేరు మారుతుంది, బాధ్యత మారదు.

ఆట పేరులోనే ఇంకొక తమాషా ఉంది. అమెరికాలో 'వింగ్ కమాండర్' అనేది హోదా కాదు. 'వింగ్' అనే పెద్ద దళానికి అధిపతిగా ఎవరుంటే వారిని అట్లా అంటారు, సాధారణంగా ఒక కల్నల్ ఉంటారు. మన దేశంలో అదే మాట ఒక హోదా. ఆటలోని చివరి మెట్టయిన లెఫ్టినెంట్ కల్నల్‌కు మన వైమానిక దళంలో సమానమైనది సరిగ్గా ఈ వింగ్ కమాండరే! హైదరాబాదు దగ్గర దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ నుంచి ఫ్లయింగ్ ఆఫీసరుగా బయటికి వచ్చిన యువకుడో యువతో మామూలుగా 2 సంవత్సరాలకు ఫ్లయిట్ లెఫ్టినెంట్, 6 సంవత్సరాలకు స్క్వాడ్రన్ లీడర్, 13 సంవత్సరాలకు వింగ్ కమాండర్ అవుతారు. ఆటలో ఆ దారి అంతా కొద్ది వారాల సాయంకాలాల్లో పూర్తవుతుంది.

ఆ 13 సంవత్సరాలూ ఎందుకు? విమానం నడపటం అంతకంటె ముందే వస్తుంది. మిగిలిన కాలమంతా మనుషులను అర్థం చేసుకోవటానికి. భయపడ్డవాణ్ణి ఎట్లా కూడగట్టాలి, తొందరపాటువాణ్ణి ఎట్లా ఆపాలి, ఎవరిని పంపాలి, ఎవరిని ఉంచాలి. ఆటలో కూల్చిన నౌకలను లెక్కపెట్టటం తేలిక, ఇవి లెక్కకు అందవు. లెక్కకు అందినదానికే మార్కులు వేశారు.

ఉత్తరాలు మోసి అడ్మిరల్

ఇక మా కుర్రవాడు ఆడిన ఆట సంగతికి వద్దాం. దాని పేరు 'ఎలైట్ డేంజరస్'. పాత 'ఎలైట్'కు వారసురాలు. డేవిడ్ బ్రేబెన్ సంస్థే 2014లో విడుదల చేసింది. మన పాలపుంత మొత్తాన్ని, సుమారు 40,000 కోట్ల నక్షత్రాలతో, నిజమైన కొలతలతో అనుకరించిన ఆట ఇది. ఖగోళశాస్త్రం నేర్చుకోవటానికి పనికివచ్చే ఆటల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను. అందుకే దాని సైనిక హోదాలను చూసినప్పుడు కొంచెం బాధ కలుగుతుంది.

ఇందులో సమాఖ్య అని ఒక రాజ్యం, సామ్రాజ్యం అని ఇంకొక రాజ్యం ఉన్నాయి. రెండింటికీ పడదు. సమాఖ్య నౌకాదళంలో రిక్రూట్ నుంచి అడ్మిరల్ వరకు 14 మెట్లు. సామ్రాజ్యంలో పరాయివాడు, సేవకుడు మొదలుకొని డ్యూక్, ప్రిన్స్, కింగ్ వరకు 14 మెట్లు. ఒకే మనిషి రెండు నిచ్చెనలూ పైదాకా ఎక్కవచ్చు. ఏకకాలంలో ఒక రాజ్యానికి అడ్మిరలుగా, దాని శత్రురాజ్యంలో రాజుగా ఉండవచ్చు. చరిత్ర పాఠంలో ఇట్లాంటివాణ్ణి ఏమంటారో మీకు తెలుసు. ఆటలో మాత్రం ఎవరూ ఏమీ అనరు.

మరి ఆ నిచ్చెన ఎక్కటం ఎట్లా? చాలామంది యుద్ధం చేసి ఎక్కలేదు. సోథిస్, సియోస్ అని రెండు నక్షత్రాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక దాని నుంచి రెండోదానికి సమాచారం చేరవేసే పనులు అక్కడ గుత్తులుగా దొరికేవి. పని తీసుకోవటం, అటు పోవటం, ఇవ్వటం, అక్కడ మళ్ళీ పని తీసుకోవటం, ఇటు రావటం. ఇట్లా గంటల తరబడి తిరిగి ఎందరో సమాఖ్య నౌకాదళంలో పైమెట్లకు చేరారు. తపాలావారి సేవను నేను తక్కువ చేయటం లేదు, మా నాన్నగారు పోస్టుమాస్టరే. కాని ఉత్తరాలు ఎన్ని బట్వాడా చేసినా నౌకాదళాన్ని నడపటం రాదు.

వాళ్ళెందుకు అంత తిరిగారంటే, రియర్ అడ్మిరల్ అయితే గాని సమాఖ్య వారి 'కార్వెట్' అనే పెద్ద నౌకను కొనుక్కోనివ్వరు. అటు డ్యూక్ అయితే గాని సామ్రాజ్యం వారి 'కట్టర్' దొరకదు. మన సూర్యుడి దగ్గరకు వెళ్ళటానికి కూడా పెటీ ఆఫీసర్ హోదా కావాలి. అంటే ఇక్కడ హోదా ఒక రేషను కార్డు వంటిది. చూపిస్తే సరుకు ఇస్తారు. బ్రిటిష్ ఆర్థికశాస్త్రవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో 1975 నుంచి ఒక సూత్రం ప్రచారంలో ఉంది. ఏదైనా ఒక కొలతనే గమ్యంగా పెడితే, జనం ఆ కొలతను పెంచే అడ్డదారి వెతుకుతారు, అప్పుడది కొలతగా పనికిరాదని దాని సారాంశం. పరీక్షలో వచ్చే ప్రశ్నలే చదివేవారిని చూసిన మా ఉపాధ్యాయులకు ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ 14 మెట్లలో ఇంకొక పొరపాటు ఉంది. మూడో మెట్టు మిడ్‌షిప్‌మన్, నాలుగో మెట్టు పెటీ ఆఫీసర్. నిజమైన నౌకాదళంలో ఇవి ఒకే నిచ్చెనలో లేవు. మిడ్‌షిప్‌మన్ అంటే అధికారి కాబోతూ శిక్షణలో ఉన్న యువకుడు. పెటీ ఆఫీసర్ అంటే నావికుడుగా చేరి ఎన్నో ఏళ్ళ అనుభవంతో పైకి వచ్చినవాడు. ఆసుపత్రిలో హెడ్ నర్సు పదోన్నతి పొంది డాక్టరు కాదు, డాక్టరు కింది మెట్టు నర్సూ కాదు. రెండు దారులు. చదువుకుని కొత్తగా వచ్చిన అధికారి, ఇంజను గది గురించి తనకంటె ఎంతో ఎక్కువ తెలిసిన ముసలి పెటీ ఆఫీసరును సలహా అడుగుతాడు. ఓడ నడవటంలో సగం కీలకం అదే. రెండు నిచ్చెనలను ఒకటిగా అతికించటంతో ఆ సంబంధం మాయమైపోయింది.

కొంచెం గుణశ్రేఢి

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. 14 మెట్ల నౌకాదళంలో ప్రతి ఒక్కరి చేతికింద ముగ్గురే ఉన్నారనుకోండి. పైన అడ్మిరల్ 1. ఆయన కింద 3. వారి కింద 9. ఆ కింద 27. ఇది మీకు తెలిసిన గుణశ్రేఢి. పధ్నాలుగో మెట్టులో ఉండేవారు 3ను 13 సార్లు హెచ్చవేసినంతమంది, అంటే 15,94,323. అన్ని మెట్లూ కూడితే 23,91,484 మంది. ఒక్క అడ్మిరల్ ఉండాలంటే ఇంత జనం కావాలి.

ఆటలో వెయ్యిమంది అడ్మిరల్‌లు ఉంటే? 239 కోట్ల 14 లక్షల 84 వేల మంది దళంలో ఉండాలి. మన దేశ జనాభా చాలదు. నిజమైన సైన్యం కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండే గోపురం. ఆటలో కాలం గడిచేకొద్దీ అందరూ పైకే పోతారు, ఎవరూ దిగరు. అందుచేత గోపురం తలకిందులవుతుంది. హోదా విలువ అరుదుగా ఉండటంలో ఉంది కాబట్టి, అందరికీ వచ్చిన తరువాత అది పేరుకే మిగులుతుంది. దీనికి ఆడేవారిని తప్పుపట్టి లాభం లేదు. డబ్బు పెట్టి ఆట కొన్నవాణ్ణి, "నీవు జీవితాంతం నావికుడివే" అంటే ఎవరు ఊరుకుంటారు?

నిజమైన రోదసిలో

మరి నిజంగా రోదసికి వెళ్ళేవాళ్ళు ఏం చేస్తున్నారు? 1969 జూలైలో చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో 11లో ముగ్గురున్నారు. ఆల్డ్రిన్ అమెరికా వైమానిక దళంలో కల్నల్. కాలిన్స్ లెఫ్టినెంట్ కల్నల్. వీరిద్దరికీ కమాండరు నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన ఒకప్పుడు నౌకాదళ విమానచోదకుడే గాని, ఆనాటికి మామూలు పౌరుడు. కల్నల్‌కు పౌరుడు కమాండర్! ఎవరికీ అది విడ్డూరంగా తోచలేదు. ఆ నౌకలో 'కమాండర్' అనేది హోదా కాదు, ఆ ప్రయాణానికి అప్పగించిన బాధ్యత.

ఇంతకంటె చక్కని ఉదాహరణ మనకు దగ్గరిది ఒకటి ఉంది. రాజా చారి అనే వ్యోమగామి తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళినవారు. చారి అక్కడి వైమానిక దళంలో కల్నల్. 2021 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి నలుగురిని తీసుకువెళ్ళిన డ్రాగన్ నౌకకు ఆయన కమాండరు. ఆయనకు అదే మొదటి రోదసీ యాత్ర. ఆ నౌకకు పైలెట్ టామ్ మార్ష్‌బర్న్. ఈయన డాక్టరు, అప్పటికే రెండుసార్లు రోదసికి వెళ్ళివచ్చారు. అంటే నౌకలో కొత్తవాడి మాట పాతవాడు విన్నాడు. 2022 మార్చి చివరలో అంతరిక్ష కేంద్రానికి కమాండర్‌గా మార్ష్‌బర్న్ బాధ్యత తీసుకున్నారు. ఇప్పుడు డాక్టరుగారి మాట కల్నల్‌గారు విన్నారు. మే మొదటివారంలో మార్ష్‌బర్న్ ఆ బాధ్యతను రష్యా వ్యోమగామి అర్తేమ్యెవ్‌కు అప్పగించి, అదే డ్రాగన్ ఎక్కి తిరుగుప్రయాణమయ్యారు. మళ్ళీ కమాండర్ చారి, పైలెట్ మార్ష్‌బర్న్. ఆరు నెలల్లో మాట చెప్పేవాడు వినేవాడై, మళ్ళీ చెప్పేవాడయ్యాడు. ఇద్దరిలో ఎవరి హోదా పెరగలేదు, ఎవరిదీ తగ్గలేదు.

2025 జూన్‌లో మన గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లా వెళ్ళిన ఆక్సియం 4 యాత్రలోనూ ఇంతే. ఆయన పైలెట్. కమాండర్ పెగ్గీ విట్సన్, జీవరసాయన శాస్త్రవేత్త. ఏ సైన్యంలోనూ పనిచేయలేదు.

రోదసీ ఆటలకు అడ్మిరల్, కెప్టెన్ వంటి ఓడల మాటలు అలవాటు కావటంలో 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' అనే టెలివిజన్ కథల ప్రభావం చాలా ఉంది. అందులో కెప్టెన్ కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్, అమెరికా కొత్తగా పెట్టిన రోదసీ దళానికి నౌకాదళపు హోదాలే ఉండాలని 2020లో ఒక వ్యాసం రాశాడు. ఆ దళం వినలేదు. 2021లో అధికారులకు వైమానిక దళపు హోదాలనే ఖాయం చేసింది. ఆ ఏడు అక్టోబరులో షాట్నర్ 90 ఏళ్ళ వయసులో నిజంగానే రోదసి అంచుదాకా వెళ్ళివచ్చాడు, ప్రయాణికుడిగా.

దిగగలిగే మెట్లు

నైపుణ్యాన్నే కొలవాలనుకుంటే దానికి మంచి పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆర్పాద్ ఎలో అనే ఆచార్యుడు చదరంగం ఆటగాళ్ళకు ఒక లెక్క కట్టాడు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దాన్ని 1970లో స్వీకరించింది. ఇద్దరి అంకెల మధ్య 200 తేడా ఉంటే, పెద్ద అంకెవాడు నూటికి సుమారు 76 పాళ్ళు రాబట్టాలని ఆ లెక్క అంచనా వేస్తుంది. అంతకంటె తక్కువ రాబడితే అతని అంకె తగ్గుతుంది, ఎదుటివాడిది పెరుగుతుంది. బలహీనులను వందమందిని ఓడించినా పెద్దగా కలిసిరాదు. మన వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2,800 దాటాడు. తరువాత కొన్ని ఆటలు సరిగా సాగక 2025లో దానికి దిగువకు వచ్చాడు. దిగినందువల్ల ఆ అంకె మీద మనకు నమ్మకం పెరిగింది గాని తగ్గలేదు.

ఇది నైపుణ్యం సంగతి. అజమాయిషీ సంగతి వేరు. దాన్ని పట్టుకున్న ఆటలూ లేకపోలేదు. ఐస్‌లాండ్‌లో తయారై 2003లో వచ్చిన 'ఈవ్ ఆన్‌లైన్' అనే ఆటలో వేలమంది ఒకే ఆకాశంలో ఆడతారు. అక్కడ నౌకలదళాన్ని నడిపే కమాండర్ పదవి ఎన్ని నౌకలు కూల్చినా దానంతట అది రాదు. నలుగురు నమ్మి వెంట రావాలి. దళం చెదిరిపోగానే పదవీ పోతుంది. 2014 నాటి నియమాల్లో ఒక దళంలో 256 మందికి మించి చేరే వీలులేదు. పదేసి మంది గల 25 జట్లు, వాటి మీద 5గురు, అందరి మీద ఒకరు. కూడి చూడండి, సరిగ్గా 256. ఆ సంవత్సరం జనవరిలో బి-ఆర్5ఆర్‌బి అనే చోట ఒక సమూహం చెల్లించవలసిన రుసుము గడువులోగా చెల్లించలేదు. దాని మీద యుద్ధం మొదలై 21 గంటలు సాగింది. ఏడువేలమందికి పైగా పాల్గొన్నారు. అంత జనాన్ని మోయలేక యంత్రాలు ఆటలోని గడియారాన్ని పదోవంతు వేగానికి తగ్గించాయి. ఆ రోజున అన్ని గంటలు వేలమందికి ఓపికగా మాట చెప్పినవాళ్ళకు ఆట ఏ బిళ్ళా ఇవ్వలేదు. వాళ్ళను ఆ కాలం ఆటగాళ్ళు పేరుపేరునా గుర్తుపెట్టుకున్నారు.

2010లో వచ్చిన 'ఆర్టెమిస్' అనే ఇంకొక ఆట ఉంది. ఒకే గదిలో ఆరుగురు కూర్చుంటారు. ఒకరు చుక్కాని, ఒకరు ఆయుధాలు, ఒకరు ఇంజను, ఒకరు పరిశీలన, ఒకరు వార్తలు. ఆరోవాడు కెప్టెన్. అతని చేతికి మీట ఒక్కటీ ఇవ్వరు. తెర చూడాలి, అడగాలి, వినాలి, చెప్పాలి. అంతే. కెప్టెన్ అంటే ఏమిటో ఇంత సూటిగా చూపిన ఆట నాకు ఇంకొకటి కనిపించలేదు.

దీనికి కంప్యూటరు కూడా అక్కరలేదు. బడి వరండాలో మీరే ఆడవచ్చు. గచ్చు మీద సుద్దముక్కతో అడ్డం 8, నిలువు 8 గడులు గీయండి. పది గడుల్లో పుస్తకాల సంచులు పెట్టండి, అవి ఉల్కలు. ఒక మూల బయలుదేరే చోటు, ఎదుటి మూల గమ్యం. చోదకుడి కళ్ళకు గంతలు కట్టండి. ఇంధనం చూసేవాడి చేతిలో 20 చింతగింజలు ఉంటాయి. నౌక ఒక గడి కదిలినప్పుడల్లా ఒక గింజ పారేస్తాడు. ఎన్ని మిగిలాయో అడిగితేనే చెబుతాడు. పరిశీలకుడు గడులను చూస్తూ కెప్టెన్‌కు మాత్రమే వినపడేలా చెబుతాడు. కెప్టెన్ గడులకు వీపు పెట్టి నిలబడాలి. అతను పైకి పలకదగ్గ మాటలు నాలుగే: ముందుకు, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు, ఆగు. తిరగటానికి గింజ ఖర్చు లేదు. మూలల గుండా అడ్డంగా దాటకూడదు.

సంచికి తగిలినా, గింజలు అయిపోయినా నౌక పోయినట్లే. జవాబు చెప్పవలసింది కెప్టెన్, చోదకుడు కాదు. ఒక నౌక అయ్యాక నలుగురూ పనులు మార్చుకోవాలి, కెప్టెన్‌గా చేసినవాడు తరువాత గంతలు కట్టుకోవాలి. గమ్యం చేరిన ప్రతి నౌకలోనూ మిగిలిన గింజలను ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఎప్పుడు చూసినా సరిసంఖ్యే వస్తుంది. ఎందుకో లెక్కల మాస్టారిని అడిగే ముందు మీరే గీతలు గీసి చూడండి.